బట్టీ కాడ

ఎనుమాముల మార్కెట్‌ల పద్దెనిమిది ఎండకాలాలు
మిర్చి తొడిమెలు తీసిన.
ఆఖరి ఏడు ముక్కు పోయింది.
దొంగలెత్తుకపోయినట్టు గాదు,
ఇంట్ల పెద్దమనిషి ఒకనాడు మాట బంజేసినట్టు.

ఎంజీఎంల డాక్టరమ్మ దూదికి ఏదో అద్ది
ముక్కు కింద వెట్టి అడిగింది, ఏమొస్తుందని.
సల్లగ తాకుతుందమ్మా అన్న.
సల్లదనం వాసన గాదన్నది. రాసుకున్నది.

గిప్పుడు వర్ధన్నపేట దాటినంక
నర్సింగం చెల్కల రుద్రజడ కోస్తున్న.
పత్తి రెండేండ్లు ముంచితే
మూడో ఏడు ఈ మొక్క వెట్టిండు.
ఊరంత నవ్వింది:
తులసి కోటల ఉండాలె గాని
నాగలి కట్టి సాళ్లు దోలుడేందిరా!
ఇది కోటల తులసి గాదు,
దాని మేనత్త బిడ్డ.
మొక్కకున్నా ఏమనుకోదు. కొయ్యచ్చు.

కోసుడుకు ఓ టైముంటది.
గుత్తిల కింది పూలు మాడి
మీదియి ఇంక కండ్లు తెరవక ముందు,
మంచు ఆరినంక, ఎండ ముదరక ముందు.
జానెడు మొదలు ఇడిచిపెడితె మల్ల సిగురేస్తది.
ఓదెమ్మ ఆకు నలిపి, వాసన చూసి చెప్తది.
నేను తేనెటీగలను చూసి చెప్త.
ఇద్దరం ఒక్కనాడే చెప్తం.

ఓ పూట వాడనిచ్చి డ్రమ్ముల తొక్కుతం.
కింద పొయ్యి, మీద మూత, మూత చుట్టు పిండి మెత్తుడు,
వంకర గొట్టం పోయి తొట్టి నీళ్లల్ల మునుగుతది.
చూస్తె అచ్చం గుడుంబ బట్టీ.
అందుకే ఒకనాడు ఆబ్కారోళ్ల జీపొచ్చింది.
ఎస్సై మూత కాడ వంగి
గుండెల నిండ పీల్చి, తుమ్మి, మల్ల పీల్చి
మా అమ్మకు దగ్గున్నది, కొంచెం పోస్తరా అని
తాగే నీళ్ల సీస వొంపేసి
నూనె ఇడిసిన నీళ్లు పట్టుకపోయిండు.

రాత్రి బట్టీ కాడ ఎవ్వరు నిలవరు.
గంటకే నర్సింగంకు తలకాయ నొస్తది,
ఓదెమ్మకు కడుపుల తిప్పుతది.
మంచి వాసనే. అంత మంచిని ఎవలు ఓర్సుకుంటరు?
నేను ఓర్సుకుంట. నాకది ఆవిరి, అంతే.
గట్లనే కోతకూలి నుంచి బట్టీకి ఎక్కిన,
రోజుకు నూటయాభై ఎక్కువ.

క్వింటాలు ఆకుకు అరకిలో నూనె దిగుడు కష్టం.
సీసల నీళ్ల మీద తేలుతది,
ఎండుగడ్డి రంగుల, వేలు మందాన.
టార్చి కొట్టి చూస్త.
నీళ్లకు నూనెకు నడుమ గీత
పెరుగుడు ఆపి నిలబడ్డదంటె
మంట గుంజెయ్యాలె.
పట్నం నుంచి కొనేటోడు కాయితం ముక్క ముంచి
ముక్కు కాడ ఊపి రేటు చెప్తడు.
నర్సింగం నా దిక్కు చూస్తడు.
నేను సీసను ఎండకు పట్టి
పోయినసారి కంటె తేటగున్నదంట.
ఇంకో వంద పెరుగుతది, ఒక్కోసారి.

పొద్దున బస్సెక్కుతే
కండక్టరు టికెట్టు కొట్టుడు ఆపిండు:
ఎవలమ్మా, తులసాకు మోపు తెచ్చింది?
సంచి ఇప్పి చూపిచ్చిన.
టిఫిను డబ్బ, కొడవలి, పొట్లంల పిడికెడు సబ్జా గింజలు.
ఇల్లంద కాడ ఎక్కిన ముసలామె,
కంటి ఆపరేషన్ నల్లద్దాలు,
నా భుజం మీదికి ఒరిగి నిద్రవోయింది.
దిగేటప్పుడు అడిగింది:
ఎక్కడ పూలమ్ముతవు బిడ్డా?
ఎనుమాముల అన్న. నోటికి అదే వచ్చింది.

ఇంటికొచ్చి గింజలు నానవోస్త.
కప్పగుడ్ల లెక్క ఉబ్బుతయి.
నాలికె మీద జారుతుంటె అనుకుంట,
దీనికి వాసన లేదు, ఇది నాకు సమానం.

మొన్న నిద్రల మాత్రం వాసనొచ్చింది.
రుద్రజడ గాదు.
మిర్చి. గోనెసంచులు గుమ్మరిచ్చినట్టు మిర్చి.
తుమ్ముకుంట లేసి కూసున్న.
శానాసేపు దీపం ఎయ్యలే,
మల్ల వస్తదేమోనని.